అందరూ కలిసి నడిపే అంకీ డెక్‌లో రివ్యూలు కుప్ప పడితే ఏం చేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అన్నానగర్‌లో ఉంటూ సివిల్స్‌కి చదువుతున్న ఏడుగురు తెలుగువాళ్లు. అందరికీ కలిపి ఒకే అంకీ డెక్ (మర్చిపోయే సమయానికి ప్రశ్న కార్డును మళ్లీ చూపించే ప్రోగ్రాం అంకీ, అందులో కార్డుల కట్ట డెక్), అందులో 6,000 పైచిలుకు కార్డులు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి మీకు 1,900 రివ్యూలు, అంటే మళ్లీ చూడాల్సిన గడువు వచ్చిన కార్డులు, పేరుకుపోయాయి. తప్పులు దిద్దమని గ్రూపు షీట్‌లో రాసిన 300 వరుసలు ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉన్నాయి. మే నెలాఖరులో ప్రిలిమ్స్. డెక్ మొత్తం రీసెట్ చేసి మొదటినుంచి చదవాలా, లేక వేరే దారి ఉందా అని అడిగారు.

రీసెట్ చేయకండి. ఇక్కడ చెన్నైలోనే ఇలాంటి గ్రూపు డెక్‌లను చాలాకాలంగా చూసుకుంటున్నాను. రీసెట్ చేసినవాళ్లలో ఎక్కువమంది రెండు నెలల తర్వాత మళ్లీ అదే చోట నిలబడటం చూశాను. ఎందుకంటే కుప్ప పడటానికి అసలు కారణం మీ సెలవులు కాదు. అది కింద చెప్తాను. ముందు ఆ 1,900 అంకె చూసి పడుతున్న టెన్షన్ తగ్గించుకోండి.

బాగా రాసిన కార్డుకు జవాబు చెప్పడానికి ఎనిమిది, పది సెకన్లు పడుతుంది. తొమ్మిది అనుకుందాం. 1,900 కార్డులంటే దాదాపు నాలుగు గంటల ముప్పావు. మర్చిపోయినవి మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి ఏడు గంటలనే అనుకోండి. నెల రోజుల మీద పరిస్తే ఇది పెద్ద భారం కాదు. ఆదివారం ఒక్కరోజు కూర్చుని మొత్తం ఊడ్చేద్దామని మాత్రం అనుకోవద్దు. ఒకేరోజు చూసిన కార్డుల్లో చాలా వరకు మళ్లీ దగ్గరదగ్గర రోజుల్లోనే గుంపుగా తిరిగొస్తాయి. పైగా మూడో గంట దాటాక వేలు 'గుడ్' (బాగానే గుర్తుంది) బటన్ మీద దానంతటదే పడుతుంటుంది, బుర్ర పని చేయదు. అలా నొక్కిన జవాబులు ప్రోగ్రాం లెక్కను కూడా పాడుచేస్తాయి.

ఇప్పుడు అసలు కారణం. ఏడుగురూ తలా పదిహేను కార్డులు రోజూ చేర్చారనుకోండి. చేర్చినవాడికి అది పదిహేను కార్డుల పని. డెక్ తీసుకున్న ప్రతి ఒక్కరికీ మాత్రం రోజుకు 105 కొత్త కార్డులు. ఏడుగురు వండి ఒక్కొక్కరి విస్తట్లో ఏడుగురి వంటా వడ్డించినట్టు. అంకీలో కొత్త కార్డులకు డిఫాల్ట్ పరిమితి రోజుకు 20. ఆ 20తోనే కొన్ని వారాలకు రోజుకు 150 నుంచి 200 రివ్యూలు వస్తాయని అనుభవం మీద అందరూ వేసుకునే లెక్క. చాలామంది డెక్ పెరుగుతోందన్న కంగారులో ఆ 20ని 50, 60కి పెంచేస్తారు. మీరు కూడా పెంచి ఉంటారని నా అనుమానం. పండక్కి ఊరెళ్లడం ఆ లోటును బయటపెట్టింది, అంతే.

అందుకే మొదటి పని ఈరోజే చేయండి: కొత్త కార్డులు సున్నా. బ్యాక్‌లాగ్, అంటే పేరుకున్న కుప్ప, పూర్తిగా పోయేదాకా సున్నాయే. 'న్యూ కార్డ్స్ ఇగ్నోర్ రివ్యూ లిమిట్' అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, కానీ ఎవరో వీడియో చూసి మార్చుకున్నవాళ్లు ఉంటారు. గ్రూపులో వాళ్లు ఇంకా చేరుస్తున్నారంటే చేర్చనివ్వండి. డెక్‌లో ఉన్నంతమాత్రాన మీరు చదవాలని లేదు.

రెండోది, మీ కుప్ప నిజంగా 1,900యేనా చూసుకోండి. రివ్యూలకు డిఫాల్ట్ పరిమితి రోజుకు 200. ఆ పరిమితి ఉన్నప్పుడు డెక్ పక్కన కనిపించే అంకె కూడా దాన్ని దాటదు. "నాకు 200యే ఉన్నాయి" అని ధీమాగా తిరిగేవాళ్లకు లోపల రెండువేలు ఉండొచ్చు. స్టాటిస్టిక్స్‌లో రాబోయే రివ్యూల గ్రాఫ్ దగ్గర 'బ్యాక్‌లాగ్' టిక్ పెడితే అసలు సంగతి తెలుస్తుంది. మీ మిగతా ఆరుగురినీ ఒకసారి అది చూడమనండి. మీ ఒక్కరి సమస్య కాదని నాకు గట్టి నమ్మకం.

ఇక వరుస క్రమం. చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ, కుప్ప తగ్గేది లేనిది ఎక్కువగా దీని మీదే ఉంటుంది. మామూలు సెట్టింగ్‌లో అంకీ గడువు తేదీ ప్రకారం, అంటే బాగా పాతబడిన కార్డుల్ని ముందు చూపిస్తుంది. న్యాయంగానే అనిపిస్తుంది. కానీ నెల కిందట గడువు దాటినవి మీరు ఎటూ చాలావరకు మర్చిపోయి ఉంటారు. వాటితో కుస్తీ పడుతుంటే, ఈరోజు గడువున్నవి, ఇంకా సగం గుర్తున్నవి, వెనక్కి జరిగి జరిగి అవి కూడా చేయిదాటిపోతాయి. పోయినవాటి వెనక పరిగెత్తి ఉన్నవాటిని పోగొట్టుకోవడమన్నమాట. పూర్తిగా మర్చిపోయిన కార్డు ఇంకో మూడు వారాలు ఆగితే వచ్చే నష్టం పెద్దగా ఏమీ లేదు. అందుకని డెక్ ఆప్షన్స్‌లో రివ్యూ క్రమాన్ని 'డిసెండింగ్ రిట్రీవబిలిటీ'కి మార్చండి. గుర్తుండే అవకాశం ఎక్కువున్న కార్డు ముందు వస్తుంది. వేగంగా అయిపోతాయి, జవాబు సరిగ్గా వచ్చినవి దూరం జరుగుతాయి, కుప్ప కళ్లెదుటే కరుగుతుంది.

ఇది ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ (కార్డు మళ్లీ ఎప్పుడు రావాలో లెక్కగట్టే కొత్త పద్ధతి) ఆన్ చేసి ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది. అంకీ చాలా ఏళ్లు పియోటర్ వోజ్నియాక్ 1987లో తయారుచేసిన ఎస్‌ఎం-2 పద్ధతికే మార్పులు చేసుకుని వాడింది. 2023 చివర్లో వచ్చిన 23.10 వెర్షన్ నుంచి ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ లోపలే ఉంది. ఆన్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త: 'రీషెడ్యూల్ కార్డ్స్ ఆన్ చేంజ్' అనే టిక్ ఇప్పుడు పెట్టకండి. పెడితే పాత కార్డుల తేదీలన్నీ తిరగరాస్తుంది, 1,900 కాస్తా ఇంకా పెరిగినా పెరుగుతుంది. 'డిజైర్డ్ రిటెన్షన్' 0.90 ఉంటుంది. దాన్ని 0.85కి దించండి. పదింట తొమ్మిది గుర్తుండాల్సిన చోట ఎనిమిదిన్నర గుర్తుంటే చాలు అనుకోవడం. కుప్ప పోయాక, పరీక్షకు ఐదారు వారాల ముందు, మళ్లీ 0.90కి తెచ్చుకోవచ్చు. 0.95 పైకి ఎవరు సలహా ఇచ్చినా వినొద్దు, అక్కడ రివ్యూల సంఖ్య విపరీతంగా పెరుగుతుంది.

ఇంకో మాట. మర్చిపోయిన కార్డుకు జాలిపడి 'హార్డ్' నొక్కే అలవాటుంటే మానుకోండి. 'హార్డ్' అంటే కష్టపడైనా గుర్తొచ్చిందని. గుర్తు రాకపోతే 'అగైన్', అంతే. ఆలస్యంగా చూసినా సరిగ్గా చెప్పిన కార్డుకు ఆ ఆలస్యం కూడా మీ ఖాతాలో జమ అవుతుంది, తర్వాతి గడువు బాగా దూరంగా పడుతుంది. కాబట్టి సంక్రాంతి సెలవులు పూర్తిగా వృథా కూడా కాదు.

రోజుకు ఎన్ని? మామూలుగా రోజూ కొత్తగా గడువుకొచ్చేవి మీకు 120 దాకా ఉంటాయనుకుంటే, 220 చేయండి. రోజుకు నికరంగా వంద తగ్గుతాయి. మర్చిపోయినవి తిరిగొచ్చేది కలుపుకుని నాలుగు వారాల్లో తేలిపోతారు. 220 కార్డులంటే 35 నిమిషాల పని. కొట్టూర్‌పురం లైబ్రరీకి వెళ్లి కూర్చునేవాళ్లయితే దార్లోనే సగం అయిపోతుంది. లైబ్రరీ గంటలు మాత్రం దీనికి పెట్టకండి. కూర్చుని చదివే సమయం చదువుకే.

కార్డుల్ని జల్లెడ పట్టే సంగతి కూడా చెప్పాలి. 6,000 కార్డుల్లో ప్రిలిమ్స్‌కు పనికొచ్చేవి ఎన్ని? మెయిన్స్ ఆప్షనల్ తాలూకు కార్డులు, ఎవరో ఒకరు సరదాకి చేర్చిన కమిటీల జాబితాలు, ఇవన్నీ ట్యాగు ప్రకారం వెతికి సస్పెండ్ చేయండి, అంటే రివ్యూల్లోకి రాకుండా ఆపేయండి. సస్పెండ్ చేస్తే కార్డు చరిత్ర పోదు, జూన్‌లో తిరిగి తీయొచ్చు. అది మీ ఒక్కరి దగ్గరే జరుగుతుంది, మిగతావాళ్ల డెక్ చెక్కు చెదరదు. ఎనిమిదిసార్లు మర్చిపోయిన కార్డును అంకీ 'లీచ్' అని గుర్తు పెడుతుంది. అలాంటివన్నీ ఒకచోట తీసి చూడండి. ఒకే కార్డులో నాలుగు విషయాలు కుక్కినవే ఎక్కువగా తగులుతాయి. అవి మీ జ్ఞాపకశక్తి లోపం కాదు, రాసిన పద్ధతి లోపం. ముక్కలు చేయమని షీట్‌లో రాసి, అప్పటిదాకా పక్కన పెట్టేయండి.

ఇప్పుడు ఆ 300 వరుసల షీట్. నా దృష్టిలో మీ రివ్యూల కుప్ప కన్నా ఇది ప్రమాదకరం. ప్రిలిమ్స్ మొదటి పేపర్లో వంద ప్రశ్నలు, ఒక్కోటి రెండు మార్కులు, తప్పు రాస్తే మూడో వంతు కోత. తెలియని ప్రశ్న వదిలేస్తారు, నష్టం లేదు. డెక్‌లో తప్పుగా నేర్చుకున్నది మాత్రం ధైర్యంగా జవాబుగా గుర్తించి 0.66 పోగొట్టుకుంటారు.

300నీ వరుసగా దిద్దుదామని కూర్చుంటే నలభై దగ్గర ఆగిపోతారు. ముందు ఇద్దరు కూర్చుని, దిద్దకుండా, కేవలం వేరు చేయండి. జవాబే తప్పు అయినవి ఒక పక్క. ఒకప్పుడు సరైనదే గానీ ఇప్పుడు పాతబడినవి ఇంకో పక్క. అక్షరదోషాలు, "ఫాంట్ బాగోలేదు", "ఇంకో బొమ్మ పెడితే బాగుంటుంది" లాంటివన్నీ మూడో కుప్ప. ఆ మూడో కుప్పను జూన్ దాకా తెరవకండి. సాధారణంగా సగం పైన అక్కడికే పోతుంది, మిగిలింది చూస్తే ప్రాణం తేలికవుతుంది. షీట్‌లో ఆధారం అనే గడి ఒకటి పెట్టండి. పుస్తకం పేరు, పేజీ, లేదా పీఐబీ (కేంద్ర ప్రభుత్వ ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో) ప్రకటన తేదీ. ఆ గడి ఖాళీగా ఉన్న వరుసను చూడనవసరం లేదు, అడిగినవాడికే తిప్పి పంపండి. "మా సార్ చెప్పారు" ఆధారం కాదు.

సబ్జెక్టుకు ఒకరు బాధ్యులు. పాలిటీ ఒకరిది, పర్యావరణం ఒకరిది. అసలు డెక్‌లో చేయి పెట్టేది మాత్రం ఒక్కరే, వారానికి ఒక్కసారే. ఎందుకో చెప్తాను. వాళ్లు దిద్ది పంపిన డెక్ ఫైలు మీ అంకీలోకి ఇంపోర్ట్ చేసినప్పుడు, అంకీ ఒక్కో నోట్‌కు (కార్డు తయారయ్యే అసలు సమాచారానికి) లోపలుండే గుర్తింపు సంఖ్యను చూసి పాతదాన్ని పోలుస్తుంది. 'కొత్తదైతేనే మార్చు' అన్న సెట్టింగ్‌లో, ఏది ఆఖరున మార్చబడిందో అదే గెలుస్తుంది. మీరు సొంతంగా మీ ఫోన్లో ఒక కామా దిద్దారనుకోండి, మీ నోట్ తాజాది అయిపోతుంది. అంతకుముందే అసలు డెక్‌లో దిద్దిన జవాబు మీకు రాదు. ఎవరికీ తెలియదు కూడా. అందుకే రివ్యూ చేస్తుండగా తప్పు కనిపిస్తే అక్కడే దిద్దకండి. ఎర్ర జెండా పెట్టి ముందుకెళ్లండి. జెండా కార్డుకు సంబంధించింది, మీ దగ్గరే ఉంటుంది, నోట్‌ను కదపదు. శనివారం జెండాలున్నవన్నీ తీసి షీట్‌లో రాయండి.

దీనికి మరోవైపు కూడా ఉంది. మీకు గుర్తుండటానికి రాసుకున్న కొండగుర్తులు ఉమ్మడి ఫీల్డులో (నోట్‌లో అందరికీ కలిపి ఉండే గడిలో) రాస్తే, తర్వాతి అప్‌డేట్‌లో తుడిచిపెట్టుకుపోవచ్చు. అవి విడిగా నోట్‌బుక్‌లో రాసుకోవడం మేలు. కొత్త ఫీల్డు చేర్చాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే పరీక్ష అయ్యేదాకా ఆపండి. నోట్ టైపు (నోట్‌లో ఏయే ఫీల్డులుండాలో చెప్పే నమూనా) మారితే ఇంపోర్ట్ సరిగ్గా కలవక తంటా వస్తుంది. ఫైలు పంపేవాళ్లు షెడ్యూలింగ్ సమాచారం, డెక్ ప్రీసెట్లు అనే రెండు టిక్కులూ తీసేసి పంపాలి. ఇంపోర్ట్ చేసేవాళ్లు ముందు బ్యాకప్ తీసుకోవాలి.

తీసేసిన నోట్ల సంగతి చాలామందికి తెలియదు. అసలు డెక్‌లో ఒక తప్పుడు నోట్‌ను డిలీట్ చేసి ఫైలు పంపితే, అది మిగతావాళ్ల దగ్గర డిలీట్ కాదు. ఇంపోర్ట్ చేర్చుతుంది, మార్చుతుంది, తీసేయదు. కాబట్టి డిలీట్ చేయడానికి బదులు 'తీసేయాలి' అని ట్యాగు పెట్టి పంపండి. అందరూ ఆ ట్యాగు వెతికి తమ దగ్గర తీసేసుకుంటారు.

ఇప్పుడు చెప్పేది గ్రూపు డెక్‌లలో నేను ఎక్కువగా చూసే గండి. జవాబు మారినా కార్డు గడువు మారదు. లోక్‌సభ గరిష్ఠ సభ్యుల సంఖ్య 552 అని మీరు ఎప్పుడో నేర్చుకున్నారు, బాగా గుర్తుంది, కార్డు ఎనిమిది నెలల దూరంలో ఉంది. 104వ సవరణతో 2020 జనవరిలో ఆంగ్లో ఇండియన్ల నామినేషన్ ఆగిపోయి అది 550 అయింది. బాధ్యులు శ్రద్ధగా దిద్దారు, మీరు ఇంపోర్ట్ చేశారు. కార్డు మాత్రం ఎనిమిది నెలల తర్వాతే కనిపిస్తుంది. ఈలోపు పరీక్షలో 552 రాసొస్తారు! డెక్‌లో సరిగ్గా ఉంది, మీ బుర్రలో తప్పుగా ఉంది. అందుకని అర్థం మారిన ప్రతి నోట్‌కూ ఆ వారం తేదీతో 'మారింది' అని ట్యాగు పెట్టండి. ప్రతి ఒక్కరూ ఇంపోర్ట్ కాగానే ఆ ట్యాగు వెతికి, 'సెట్ డ్యూ డేట్'లో సున్నా ఇచ్చి, అవి ఈరోజే వచ్చేలా చేసుకోవాలి. వారానికి పదో పాతికో ఉంటాయి. కొత్త కార్డులు ఆపమన్నాను గానీ ఇవి ఆపొద్దు, వీటినే అన్నిటికన్నా ముందు చూడండి.

మారిన విషయం పూర్తిగా వేరేదైతే పాత నోట్ దిద్దకండి, కొత్తది రాయండి. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. హత్యకు శిక్ష 302 నుంచి 103కి, మోసం 420 నుంచి 318కి మారాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత సెక్షన్లే వర్తిస్తాయి. కాబట్టి రెండూ అవసరమే, ఒకదాని మీద ఇంకొకటి రాస్తే రెండూ కలగాపులగం అవుతాయి.

అసలు పాతబడే కార్డు పుట్టకుండానే చూడొచ్చు. "భారత్‌లో రామ్‌సర్ స్థలాలు (అంతర్జాతీయ గుర్తింపు పొందిన చిత్తడి నేలలు) ఎన్ని?" అని కార్డు రాసినవాళ్లు ఎప్పటికీ దిద్దుతూనే ఉంటారు. 2022 ఆగస్టుకు 75, 2024 జనవరికి 80, అదే ఏడాది ఆగస్టుకు 85. మన జిల్లాల సంగతీ అంతే. తెలంగాణ 10 నుంచి 2016లో 31కి, 2019లో 33కి వెళ్లింది. "ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు ఎన్ని?" అనే బదులు "2022 ఏప్రిల్ 4 పునర్విభజనతో 13 జిల్లాలు ఎన్ని అయ్యాయి?" అని రాయండి. 26 అన్న జవాబు ఇక ఎప్పటికీ తప్పు కాదు. తాజా సంఖ్యలు కావాలా, అవి డెక్‌లో వద్దు, ఒక్క పేజీ కాగితం మీద పెట్టుకుని పరీక్షకు ముందు వారం చూసుకోండి. షీట్‌లో రెండో కుప్ప, పాతబడినవి, చాలా వరకు ఇలా తిరగరాస్తే మళ్లీ రావు.

మీరు రాయలేదు గానీ అడగాల్సింది ఒకటుంది. ఏడుగురూ ఒకే అంకీవెబ్ (అంకీ సమాచారాన్ని ఆన్‌లైన్‌లో దాచే ఖాతా) లాగిన్ వాడటం లేదు కదా? ఒకరు రివ్యూ చేస్తే అందరి గడువులూ కదిలిపోతాయి, ఎవరి జ్ఞాపకానికి ఆ తేదీలు అన్నది అర్థం లేకుండా పోతుంది. అలా ఉంటే పైన చెప్పినదేదీ పనిచేయదు. ముందు విడి ఖాతాలు తెరవండి. అప్పుడు మాత్రం రీసెట్‌కు అర్థం ఉంది, ఎందుకంటే ఆ చరిత్ర ఎవరిదీ కాదు.

మీకు తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు, మళ్లీ అటు నుంచి ఇటు, ఒకే నోట్‌కు రెండు కార్డులు వచ్చేలా పెట్టుకున్నారా? అది తెలిస్తే రోజుకు 220 అన్న లెక్క సరిచూసి చెప్తాను. రివర్స్ కార్డులుంటే వాటిని సస్పెండ్ చేయడంతోనే మీ కుప్పలో మూడో వంతో సగమో పోవచ్చు.